నడుము కొలత

కుట్టు షాపు, మెట్ల కింది గది
ఫిబ్రవరి 9

తూనీగకి, అత్త మురిసిపోతూ రాసేది:

చొక్కాలు నాలుగు, ప్యాంట్లు రెండు పంపుతున్నాను. ఈ ఉత్తరం పై చొక్కా జేబులో పెట్టాను. జేబులు చూసుకోకుండా బట్టలు నీళ్ళలో పడేసే అలవాటు నీకు చిన్నప్పటినుంచీ ఉంది కాబట్టి, ఇది నీ చేతికి అందిందంటే నువ్వు పెద్దవాడివైనట్టే.

ఉద్యోగంలోకి రమ్మని పిలిచి యూనిఫాం నువ్వే కొనుక్కో అనడం ఏం చోద్యంరా? వాళ్ళు చెప్పిన ధర విని నాకు కళ్ళు తిరిగాయి. ఆ డబ్బుకి నేను మన వీధి వీధంతటికీ కుట్టిపెడతాను. నువ్వు పంపిన ముక్క పట్టుకుని మూడు బజార్లు తిరిగి అదే రంగు బట్ట తెచ్చాను. ఎవడైనా ఇది కంపెనీ చొక్కా కాదని కనిపెడితే వాడికి నేను ఊరికే సూటు కుట్టిస్తానని చెప్పు.

ప్యాంటు నడుము ముప్ఫై నాలుగు పెట్టాను. లోపల రెండంగుళాల బట్ట మడిచి ఉంచాను. కెప్టెన్‌వయ్యాక కూర్చుని కూర్చుని పొట్ట వస్తుంది కదా, అప్పుడు విప్పి వదులు చేస్తాను.

మీ నాన్న నీ చదువు కోసం వెల్డింగ్ షెడ్డు తాకట్టు పెట్టినందుకు ఒక్కనాడూ విసుక్కోలేదు. నిన్న పని మధ్యలో బయటికొచ్చి, పైన పోతున్న విమానం కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు. "అది మనవాడిది కాదు అన్నయ్యా, వాడింకా ట్రైనింగ్‌లోనే ఉన్నాడు" అన్నాను. "ఎవడు చూశాడు" అన్నాడు. మీ అమ్మ పోయాక మా అన్నయ్య ముఖంలో ఇంత వెలుగు చూడటం ఇదే.

ఫోన్ చెయ్యకు. ముప్ఫై ఏళ్ళు మిషన్ల మోతలో కూర్చున్న చెవులివి, నీ మాటలో సగం గాలికే పోతుంది. పార్శిల్‌లో ఉత్తరం పెట్టుకుందాం.

అత్త


అద్దె గది, విమానాశ్రయం వెనక వీధి
మార్చి 22

అత్తకి, నీ పైలట్ రాసేది:

చొక్కాలు చూసి ఇక్కడ అందరూ కుళ్ళుకుంటున్నారు. కాలర్ పట్టుకుని తిప్పి చూసి "ఎక్కడ కుట్టించావ్" అని అడుగుతున్నారు. సూటు ఎవరూ గెలుచుకోలేదు.

రెండు గదుల్లో ఆరుగురం ఉంటున్నాం, అందరం కొత్త కో-పైలట్లమే. మంచాలు నాలుగే, కానీ ఆరుగురం ఒకేసారి ఇంట్లో ఉన్న రోజు ఇంతవరకు రాలేదు. నేను పడుకునేసరికి మంచం ఇంకా వెచ్చగానే ఉంటుంది, దుప్పటి ఖర్చు మిగిలింది. వంటింటి గోడకి ఎవరి డ్యూటీ ఎప్పుడో రాసిన రోస్టర్లు అంటించి ఉంటాయి. ఎవరికి ఎక్కువ గంటలు పడ్డాయో అందరం చూస్తాం, ఎవరం మాట్లాడం.

నీతో ఒకటి చెప్పాలి, నాన్నకి మాత్రం చెప్పొద్దు. నేను ఎయిర్‌లైన్ ఉద్యోగిని కాదు అత్తా. ఒక ఏజెన్సీతో కాంట్రాక్టు రాసుకున్నాను, ఆ ఏజెన్సీ నన్ను వీళ్ళకి పంపుతుంది. నెల జీతం లేదు, గంటకింత. ఆ గంట కూడా విమానం చక్రాలు కదిలినప్పుడు మొదలై, ఆగినప్పుడు అయిపోతుంది. ముందొచ్చి కాగితాలు చూడటం, వాతావరణం చూడటం, పొగమంచు విడిచేదాకా మూడు గంటలు సీట్లో కూర్చోవడం, ఇవేవీ లెక్కలోకి రావు. ఒంట్లో బాలేక రాకపోతే ఆ రోజుకి ఏమీ రాదు. విమానంలో తాగే నీళ్ళసీసా కూడా నాదే.

అయినా పొద్దున్నే మబ్బు మీదికొచ్చి ఎండలో పడతాం చూడు, అప్పుడివేవీ గుర్తుండవు. ఇది నేను గొప్పకి రాయట్లేదు.

ఒక ప్యాంటు పంపుతున్నాను. ఉతికితే బట్ట సాగినట్టుంది, నడుము వదులైంది. ముప్ఫై మూడు చెయ్యి.

తూనీగ


కుట్టు షాపు
ఏప్రిల్ 15

తూనీగకి, అత్త తీరిక లేకుండా రాసేది:

ప్యాంటు ముప్ఫై మూడు చేశాను.

గంటకింత అని దిగులుపడుతున్నావా? నేనూ నా షాపులో ఇద్దరమ్మాయిలూ ఇన్నేళ్ళూ ఎలా బతికామనుకున్నావ్? ముక్కకింత. గిరాకీ కోసం ఎదురుచూసిన పూటకి ఎవరిచ్చారు? సూది విరిగితే ఎవరిచ్చారు? పైలట్ ఉద్యోగం మా కుట్టుపని లాగే ఉందని తెలిశాక నాకు నువ్వు ఇంకాస్త దగ్గరైనట్టుంది. కొత్తలో అందరికీ అంతే. చేతిలో పని ఉన్నవాడిని ఎవరూ వదులుకోరు, రెండేళ్ళలో వాళ్ళే నీ వెంట పడతారు.

మీ నాన్నకి చెప్పను. చెప్పి ఆయన నిద్ర పాడుచేసి ఎవరికి ఉపకారం?

ఇక్కడి సంగతి విను. టోపీ పెట్టుకుని నువ్వు దిగిన ఫోటో పెద్దది చేయించి షాపులో అద్దం పక్కన పెట్టాను. చూసినవాళ్ళంతా "మీ అబ్బాయా" అంటారు. మేనల్లుడని చెప్పి, ఆ చొక్కా నేనే కుట్టానంటాను. అంతే, కొలతలు తీసుకునేదాకా కదలరు. మొన్న ఒక స్కూలు హెడ్మాస్టర్ వచ్చి, "పైలట్లకే కుట్టే చేయి, మా పిల్లలకి కుట్టలేరా" అని మూడు వందల జతలు ఇచ్చి పోయాడు. రెండు మిషన్లు కొత్తవి తెచ్చాను. అదంతా నీ చలవే.

వేళకి తిను.

అత్త


హోటల్ గది, ఇంకో విమానాశ్రయం దగ్గర
జూన్ 3

అత్తకి, ఎక్కడున్నాడో తనకే తెలియని మేనల్లుడు రాసేది:

నన్ను ఆరు వారాలకని వేరే చోటికి మార్చారు. అక్కడి గదికి అద్దె కడుతూనే ఇక్కడి గదికి కూడా నేనే కట్టుకోవాలి. కిటికీ తీస్తే అవతల గోడ. ఎదురుగా ఇంకో కిటికీ కూడా లేదు, పలకరించడానికి.

వారంలో మూడు రోజులు స్టాండ్‌బై. అంటే యూనిఫాం వేసుకుని ఫోన్ పక్కన కూర్చోవాలి. పిలిస్తే గంటలో అక్కడుండాలి. పిలవకపోతే ఆ రోజుకి ఏమీ రాదు. నువ్వు ఇస్త్రీ మడత పోకుండా కుట్టిన ప్యాంటేసుకుని, మడత నలగకుండా మంచం అంచున కూర్చుంటాను.

నెల రోజులుగా జలుబు వచ్చిపోతోంది. పైకి వెళ్ళినప్పుడు ఫరవాలేదు, కిందికి దిగేటప్పుడు చెవులు దిబ్బడేస్తున్నాయి. ముక్కు మూసుకుని గాలి ఊదితే విడుస్తున్నాయి.

నిన్నొకటి అడగాలి. మా గదిలోవాడొకడు మొన్న కడుపునొప్పని రాలేనన్నాడు. రూల్ ప్రకారం అది వాడి హక్కు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాతి నెల రోస్టర్‌లో వాడికి పన్నెండు గంటలొచ్చాయి, మాకు అరవై. డ్యూటీకి ముందు "నా ఒంట్లో బాగుంది, విమానం నడపగలను" అని మేం సంతకం పెట్టి ఒప్పుకోవాలి. ఆ మాట ఇచ్చేటప్పుడు నాకు ఈమధ్య చెయ్యి ఆగుతోంది. నువ్వైతే ఏం చేస్తావ్ అత్తా?

రెండు ప్యాంట్లూ పంపుతున్నాను. ముప్ఫై ఒకటిన్నర చెయ్యి. ఈ మిషన్లలో ఉతికితే అన్నీ సాగిపోతున్నాయి.

తూనీగ


కుట్టు షాపు
జూన్ 19

తూనీగకి, అత్త కోప్పడుతూ రాసేది:

జలుబుకి కూడా ఉత్తరం రాస్తారుట్రా? వాము వేసి మరిగించిన నీళ్ళ ఆవిరి పట్టు.

నేనైతే ఏం చేస్తానని అడిగావు కాబట్టి చెబుతున్నాను. నూట మూడు జ్వరంతో నలభై చొక్కాలకి కాజాలు తీసి ఇచ్చాను, నీకప్పుడు ఆరేళ్ళు, ఆ మిషన్ కిందే ఆడుకున్నావు. ఎందుకిచ్చాను? ఒకసారి లేదంటే గిరాకీ పక్క షాపుకి పోతుంది, పోయింది మళ్ళీ రాదు. పని ఇచ్చేవాడికి మన జ్వరం అక్కర్లేదు, చొక్కా కావాలి. ఇన్నేళ్ళలో నేను చెయ్యలేనన్న మాట ఒక్కసారి అనలేదు. కాబట్టే ఇవాళ మనకి షాపుంది. కొన్నాళ్ళు పళ్ళు బిగపట్టు. షెడ్డు విడిపించుకున్నాక అప్పుడు దర్జాగా సెలవు పెట్టు, నేనే వచ్చి ఆవిరి పట్టిస్తాను.

ప్యాంట్లు ముప్ఫై ఒకటిన్నర చేశాను. బెల్టుకి ఇంకో కన్నం పొడుచుకో.

అత్త


అద్దె గది, విమానాశ్రయం వెనక వీధి
ఆగస్టు 11

అత్తా,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి కూర్చుంటే కాగితం మీద గీతలు ఊగేవి. ఇవాళే కాస్త నిలబడ్డాయి.

జులై ఇరవై నాలుగున పొద్దుటి డ్యూటీకి లేచేసరికి ఎడమ చెవి పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఆవిరి పట్టాను. ముక్కు మూసుకుని ఊదాను, విడవలేదు. ఒంట్లో బాగుందని మాటిచ్చి విమానం ఎక్కాను. మొదటి రెండు ట్రిప్పులూ ఎలాగో గడిచాయి. మూడోదాంట్లో కిందికి దిగుతుంటే చెవిలో మేకు దిగ్గొట్టినట్టయింది. తర్వాత ఏదో చిట్లింది. మెడ మీదికి వెచ్చగా కారింది. నా ముందున్న అద్దం, మీటలు, అన్నీ గిర్రున తిరిగాయి.

ఆ ట్రిప్పులో కంట్రోల్ టవర్‌తో మాట్లాడే పని నాది. కింద ఇంకో విమానం ఉంది, ఇంక దిగకండి, ఆ ఎత్తులోనే ఉండండి అని రెండుసార్లు పిలిచారట. నొప్పికీ తల తిరుగుడికీ కుడి చెవిలో పడ్డ మాట కూడా నా బుర్రకి ఎక్కలేదు. మూడోసారి కెప్టెన్ గారు విన్నారు. ఆయనే జవాబిచ్చి విమానం ఇంక దిగకుండా ఆపారు. నావైపు చూసి, "చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో" అన్నారు. పెట్టుకుని కూర్చున్నాను, చిన్నపిల్లాడిలాగా. కెప్టెన్ గారే దించారు.

అందులో నూట ఎనభైమంది ఉన్నారు అత్తా. నేను ఆ నెల నా గంటలు లెక్కపెట్టుకున్నాను. వాళ్ళని లెక్కపెట్టలేదు. కిందికొచ్చాక తలుపు దగ్గర ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని, బాగా దించావు బాబూ అన్నాడు. ఆ చెయ్యి విదిలించుకోవాలనిపించింది.

చెవిపొర ఒక్కటే అయితే అతుక్కునేదట. లోపలి చెవి దెబ్బతింది. ఎడమవైపు ఏమీ వినబడట్లేదు, నడిస్తే గోడ పట్టుకోవాలి. రెండు నెలలాగి మళ్ళీ పరీక్ష చేస్తారట. డాక్టర్ ముఖం చూస్తే నాకు జవాబు తెలిసిపోయింది.

నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. తీసెయ్యడానికి నేను వాళ్ళ మనిషిని కాదు. వచ్చే నెల రోస్టర్‌లో నా పేరు లేదు, అంతే. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, ఒంట్లో బాగోలేకపోతే ముందే చెప్పాల్సింది కదా అన్నారు. అది కూడా నిజమే.

నాన్నకి చెప్పొద్దు. నీ మాట వల్ల ఎక్కాననుకోకు. అంతకుముందు చాలాసార్లు అలాగే ఎక్కాను.

తూనీగ


కుట్టు షాపు
ఆగస్టు 20

తూనీగకి, అత్త తలదించుకుని రాసేది:

మీ నాన్నకి చెప్పేశాను. నీకిచ్చిన మాట తప్పాను. నిలబెట్టుకున్న మాటలు చేసిన నిర్వాకం చూశాం కదా.

నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. షెడ్డు గురించి నేనే ఎత్తాను. "ఇనుప రేకుల షెడ్డే, మళ్ళీ కట్టుకోవచ్చు. వాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడట, ఎవరున్నారక్కడ?" అన్నాడు. తర్వాత, "నీకు ముందే తెలుసా?" అని అడిగాడు. తెలుసన్నాను. లేచి షెడ్డుకి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నీతో ఒకటి చెప్పాలి. బట్ట ఉతికితే కుదించుకుంటుంది గానీ సాగదురా. ముప్ఫై ఏళ్ళ దర్జీని, నాకా చెబుతావ్? మార్చిలో ప్యాంటు నా బల్ల మీద పరిచినప్పుడే తెలిసిపోయింది. బట్ట అంగుళం కూడా కదల్లేదు. మనిషే తగ్గాడు. జూన్‌లో మళ్ళీ అంగుళన్నర. తింటున్నావా అని, ఏం జరుగుతోందని ఒక్క ముక్క రాసి అడిగి ఉండొచ్చు. అడిగితే నువ్వు చెప్పేసేవాడివి. చెబితే వచ్చెయ్యరా అనాల్సి వచ్చేది. వచ్చేస్తే అద్దం పక్కన ఫోటో తీసెయ్యాలి. స్కూలువాళ్ళ రెండో ఆర్డరు అప్పుడే వచ్చి ఉంది. ఇదంతా అప్పుడు నేను అనుకున్నానని కాదు, కానీ చేతులు అనుకున్నాయి. నోరు మూసుకుని కుట్టు బిగించాను.

నూట మూడు జ్వరంతో కాజాలు తీశానని గొప్పగా రాశాను. ఆ రోజు ఎనిమిది చొక్కాల కాజాలు వంకర పోయాయి, విప్పి మళ్ళీ కుట్టాను. నా పనిలో తప్పొస్తే విప్పి కుట్టుకోవచ్చు. నీ పనిలో అలా కుదరదని నాకెందుకు తట్టలేదో తెలియదు. నువ్వు నన్ను ఏం చేస్తావని అడిగావు, సలహా కోసం కాదు. వచ్చెయ్యమని అంటానేమోనని అడిగావు.

ఫోటో తీసేశాను. ఎందుకని అడిగినవాళ్ళకి ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఇంటికి రా.

అత్త


గది అదే
అక్టోబర్ 14

అత్తకి, మేనల్లుడు రాసేది:

పరీక్ష అయింది. ఇక విమానం నడపడానికి పనికిరానని రాసిచ్చారు. కాగితం మీద మూడే వాక్యాలున్నాయి. తల తిరగడం చాలావరకు తగ్గింది, చెవి మాత్రం రాదు. నువ్వు "ఆఁ?" అంటే నేను నవ్వేవాణ్ణి కదా, ఇప్పుడు నేనూ అంటున్నాను.

విమానాశ్రయంలోనే ఆఫీసులో పని దొరికింది. బయల్దేరే విమానాలకి వాతావరణం, ఇంధనం కాగితాలు తయారుచేసి ఇవ్వాలి. నెల జీతం అత్తా. జ్వరమొస్తే సెలవు కూడా ఉందట, చెబితే నమ్మలేకపోయాను. కాగితాలు తీసుకోవడానికి కొత్త కో-పైలట్లు వస్తారు. చీదుతూ వచ్చినవాళ్ళని చూస్తే కాగితం చేతికివ్వబుద్ధి కాదు. ఒకడితో అన్నాను, ఇవాళ మానెయ్ అని. వాడు నావైపు జాలిగా చూసి తీసుకుపోయాడు. నేనైనా తీసుకునేవాణ్ణే.

మా గదిలోకి కాదుగానీ, పక్క ఇంట్లోకి ఒకమ్మాయి వచ్చింది, కొత్త కాంట్రాక్టు. కంపెనీవాళ్ళు అమ్మే యూనిఫాం మగవాళ్ళ కొలతలదట, భుజాలు జారిపోతున్నాయి. నా చొక్కాలు చూసి అడిగింది. నాకెలాగూ అక్కర్లేదు, నాలుగూ విప్పి ఆమె కొలతకి కుట్టి పంపు. కొలతలు వెనక రాశాను. ప్యాంట్లు కూడా పంపుతున్నాను, దేనికైనా వాడుకో.

ఇంటికి ఇప్పుడు రాలేను. పైన పోతున్న విమానం కనుమరుగయ్యేదాకా నాన్న తలెత్తి చూశాడని రాశావు. ఆయన ఇక తలెత్తకపోతే నేను చూడలేను.

తూనీగ


కుట్టు షాపు
నవంబర్ 2

తూనీగకి, అత్త నిలదీస్తూ రాసేది:

కుట్లు విప్పేముందు జేబులు చూసుకోవడం నా అలవాటు. నీ ప్యాంటు వెనక జేబులో నా జూన్ ఉత్తరం దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, అన్నిసార్లు విప్పి చదివావు. పళ్ళు బిగపట్టు అన్న చోట చెమటకి సిరా అలుక్కుపోయింది. "నీ మాట వల్ల కాదు" అని రాశావు చూడు, నా మీద దయతో ఆడిన ఆ అబద్ధాన్ని నేను ఒప్పుకోను. ఆ ఉత్తరాన్ని నా దగ్గరే ఉంచుకుంటున్నాను. ఇంకెవరికైనా సలహా ఇవ్వబోయేముందు తీసి చదువుకుంటాను.

ఆ అమ్మాయికి చొక్కాలు కుట్టాను. భుజం సరిగ్గా కూర్చుంటుంది, చెప్పు. డబ్బు వద్దు. దానికి బదులు రెండు నెలలకోసారి తన కొలతలు పంపాలి, అదే బేరం. నడుము అరంగుళం తగ్గినా ఈసారి నేను సూది ముట్టుకోను. ముందు ఉత్తరం రాస్తాను. జవాబు రాకపోతే బస్సెక్కుతాను.

మీ నాన్న ఇప్పటికీ బయటికొచ్చి తలెత్తి చూస్తున్నాడు. నిన్న అడిగాను, ఇంకా ఎందుకన్నయ్యా అని. "దానికి కాగితాలు వాడే రాసిచ్చి ఉండొచ్చుగా" అన్నాడు. కాబట్టి ఆ సాకు చెల్లదు.

నీ కొలతలు మాత్రం పంపకు. వచ్చి నా ముందు నిలబడు, టేపు నేను పట్టుకుంటాను. నీ ప్యాంట్లకి నేను బిగించిన కుట్లన్నీ విప్పేశాను. లోపల రెండంగుళాల బట్ట అలాగే ఉంది.

అత్త